స్పీడు తగ్గించనివ్వకు

ఆగస్టు 6, బుధవారం
గుండె వార్డు, కిటికీ పక్క మంచం

ఒరేయ్ తమ్ముడూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఇక్కడ కుశలమంతా ఎడమవైపే ఉంది. కుడివైపు సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు కంగారు పడతావని తెలుసు. పడు, కానీ కూర్చుని పడు. నేను బతికే ఉన్నాను. మంచానికి అడ్డంగా వేసిన బల్ల మీద నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే జబ్బు వల్ల అనుకోకు, నా దస్తూరీ ఎప్పుడూ ఇంతే.

శుక్రవారం పొద్దున రెండో ట్రిప్పులో కడుపులో తిప్పడం మొదలైంది. ఒళ్లంతా చెమట. తిన్నది అరగలేదనుకున్నాను. బస్సు నిండా జనం, ఫుట్‌బోర్డు మీద కూడా వేలాడుతున్నారు. అప్పుడు బెల్లు కొట్టి బస్సు ఆపిస్తే అందరూ నన్ను తిట్టుకుంటారని ఓర్చుకున్నాను. ఊళ్లోకి వచ్చాక టిక్కెట్ల సంచీ పట్టుకుని సీట్ల మధ్యలో కూలబడ్డానట. మన హారన్ తెలుసుగా, పదేళ్లుగా నా బస్సు తోలుతున్నవాడు, దారిలో కాకి కనబడినా హారన్ కొడతాడని నేనే ఆ పేరు పెట్టాను. వాడు బస్సుని డిపోకి తిప్పకుండా జనంతో సహా తిన్నగా ఆసుపత్రి గేట్లోకి తోలేశాడు. ఎలాగూ వచ్చాం కదా అని ఒక పెద్దాయన బీపీ చూపించుకుని మరీ వెళ్లాడట.

గుండెకి రక్తం అందించే నాళం ఒకటి పూడుకుపోయిందని దాన్ని తెరిచారు. తెరిచారు గానీ, నేను ఓర్చుకున్నంత సేపట్లో గుండెకి కుడిపక్క కింది గది చతికిలబడిపోయింది. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోయడం దాని పని. అది తోయకపోతే అక్కణ్నించి ఎడమవైపుకి రావలసిందీ రాదు. ఎడమవైపు దుక్కలా ఉన్నా చేతులు కట్టుకుని కూర్చోవడమే. మర్నాటికే నా కాళ్లు దిండ్లలా ఉబ్బిపోయాయి.

శనివారం నా మెడలో కుడిపక్క నరంలోంచి గొట్టం దించారు. గొట్టం ఒకటే, లోపల దారులు రెండు. ఒక దారిలో గుండె పై గదిలోని రక్తాన్ని బయటికి లాగి మంచం పక్కనున్న పంపులో పోస్తుంది. పంపు దాన్ని రెండో దారిలో ఊపిరితిత్తుల వైపు తోసేస్తుంది. మధ్యలో ఆ చతికిలబడ్డ గదితో పనే లేదు. అర్థమైందా? నా కుడి గుండె డ్యూటీ దిగిపోయింది, దాని సీట్లో పంపు ఎక్కి కూర్చుంది.

పంపు చిన్నదే, అరచేతిలో పడుతుంది. కానీ ఒకటే రొద. ఆ రొదలో రవ్వంత తేడా వచ్చినా నాకు ప్రాణం పోయినంత పనవుతోంది. మన ఇంటా వంటా పంపుల సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. నది నీళ్లు ఊరికంతా ఎక్కించేవాడివి, నువ్వు చెప్పు. మోటరు ఇలా ఆగకుండా ఎన్నాళ్లు తిరగగలదు? డాక్టరమ్మ ఈ వారం చివర్లో స్పీడు కొంచెం కొంచెంగా తగ్గించి చూస్తానంటోంది. ఏం చూస్తుంది? ఆవిడ ఓపిగ్గానే చెబుతుంది, నేనే సగం విని మిగతా సగం భయపడుతున్నాను.

వార్డులోకి ఫోను రానివ్వరు. రానిచ్చినా నీ పంపుహౌసులో సిగ్నలు దొరకదు. అందుకే ఉత్తరం హారన్ చేతికి ఇస్తున్నాను, పొద్దుటి ట్రిప్పులో పంపుహౌసు మలుపు దాకా వస్తాడు కదా. మీ బావ బయట బెంచీ మీద ఉన్నాడు. సైన్‌బోర్డులు రాసే మనిషి, అంతంత నిచ్చెనల మీద తిరగని కళ్లు నా మెడ చూడగానే తిరిగాయి. గోడ పట్టుకుని బయటికి నడిచాడు.

వెంటనే జవాబు రాయి.

నీ అక్క


ఆగస్టు 8, శుక్రవారం
పంపుహౌసు

అక్కా,

నిన్న హారన్ అన్న బస్సు ఆపకముందే కిటికీలోంచి ఉత్తరం ఊపుతూ వచ్చాడు. నువ్వు కొత్త చెప్పులో మందులో తెమ్మని రాశావనుకున్నాను. చదివాక మోటరు ఫౌండేషన్ మీద అలాగే కూలబడ్డాను.

శుక్రవారం జరిగితే నాకు గురువారం తెలిసింది. బావ ఒక్క మాట కబురు పెట్టలేకపోయాడా? నేనేమన్నా పరాయివాణ్నా? సరేలే, ఇప్పుడు అవన్నీ వద్దు.

ఎగిరి వచ్చి నీ ముందు వాలాలని ఉంది. రాలేను. రెండో ఆపరేటరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. నది ఎర్రగా తిరిగింది. కొమ్మలూ చెత్తా కొట్టుకొచ్చి పంపు నీళ్లు పీల్చే చోటి జాలీకి అడ్డం పడుతున్నాయి, గంటకోసారి దిగి లాగకపోతే పంపు గాలి పీలుస్తుంది. నేను కదిలితే ఊరికి నీళ్లుండవు. నీ ఆసుపత్రి ట్యాంకుకి వచ్చేదీ ఈ నీళ్లే. ఇదొక్కటే తలుచుకుని ఇక్కడ నిలబడ్డాను.

ఇక నీ పంపు సంగతి. ఇవి అడుగు. కరెంటు పోతే వెనకాల బ్యాటరీ ఉందా? పక్కన ఇంకో పంపు సిద్ధంగా ఉందా? దాని దగ్గర మనిషి ఎప్పుడూ ఉంటాడా, టీ తాగడానికి వెళ్లిపోతాడా? మోటరు ఎన్నాళ్లు తిరుగుతుందన్నావు. మంచి మోటరైతే ఏళ్ల తరబడి తిరుగుతుంది. దాని గురించి నువ్వు బెంగపెట్టుకోకు.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకో. స్పీడు తగ్గించనివ్వకు. రెండేళ్ల కిందట మా పెద్ద మోటరు కాలిపోయినప్పుడు చిన్నదొక్కటే మిగిలింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు దాని లోడు తగ్గించి చూద్దామన్నాడు. నేను వద్దు సార్ అంటున్నా వినలేదు. ప్రెషరు పడిపోయి పైపుల్లోకి గాలి దూరింది, ఎగువ వీధుల్లో రెండు రోజులు చుక్క నీళ్లు రాలేదు. అప్పుడు పోయింది నీళ్లు. ఇప్పుడు నీ రక్తం. అసలు మోటరు పోయాక మిగిలిన ఒక్కదాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మా తమ్ముడు వద్దన్నాడని చెప్పు. భయపడకుండా చెప్పు.

చెప్పిన మాట విను అక్కా. ఎప్పుడూ నువ్వే చెబుతావు, ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ తమ్ముడు


ఆగస్టు 10, ఆదివారం
వార్డు

తమ్ముడూ,

నీ మాట నిలబెట్టాను. నిన్న పొద్దున డాక్టరమ్మ స్కాను మిషను తోసుకుంటూ వచ్చి, “ఇవాళ కొంచెం తగ్గించి చూద్దామా?” అంది.

“వద్దండీ,” అన్నాను.

“ఏం, ఎందుకని?”

“మా తమ్ముడు వద్దన్నాడు.”

“మీ తమ్ముడు డాక్టరా?”

“కాదండీ, పంపు ఆపరేటరు.”

నర్సమ్మ పక్కకి తిరిగి నవ్వుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. నా మంచం మీద ఒక పక్కగా కూర్చుని, “నేను బలవంతపెట్టను. కానీ ఈ పంపు ఎంతకాలం ఉంటే అంత మంచిదని మాత్రం అనుకోకండి,” అంది. మీ బావ ఆవిడ మాటకి తలూపాడు. నేను వద్దని గట్టిగా అన్నప్పుడు దానికీ తలూపాడు. ఆ మనిషి మెడకి పెట్టాల్సింది పంపు కాదు, బ్రేకు.

ఆయన్నేమీ అనకు. నీకు కబురు పెట్టొద్దని ఆయన చేతా హారన్ చేతా నేనే ఒట్టు వేయించుకున్నాను. వింటే పంపుహౌసు వదిలేసి పరిగెత్తుకొస్తావని భయం. నువ్వు రాలేదేమని మళ్లీ లోపల్లోపల నేనే గింజుకున్నాను. నా తిక్క నీకు తెలిసిందే.

బ్యాటరీ ఉంది. ఇంకో పంపు అలమరలో ఉంది, చూపించమని సతాయిస్తే నర్సమ్మ చూపించింది. మనిషి ఎప్పుడూ ఉంటుంది, టీ ఇక్కడే తాగుతుంది.

నిన్న సాయంత్రం నన్ను నడిపించారు. గొట్టం మెడలో ఉంది కదా, కాళ్లు ఖాళీయే. ఒకరు పంపు బండి తోస్తే, ఒకరు గొట్టం పట్టుకుంటే, ఇంకొకరు నన్ను పట్టుకుంటే, వరండా చివరి దాకా ఊరేగాను. అడ్డంగా నిలబడ్డవాళ్లని “ముందుకు జరగండి, లోపలంతా ఖాళీగా ఉంది” అని అలవాటుగా అనేశాను. మంచాల మీద వాళ్లు కూడా నవ్వారు. కాళ్ల వాపు కూడా తీసింది, చీలమండ ఎముక మళ్లీ కనబడుతోంది.

ఒకటే నచ్చడం లేదు. నర్సమ్మ మాటిమాటికీ టార్చిలైటు తెచ్చి గొట్టాల్లోకీ పంపులోకీ వేసి చూస్తోంది. ఏమిటని అడిగితే “ఊరికే” అంటుంది. ఊరికే ఎవరైనా టార్చి వేస్తారా? రక్తం పలచబడే మందు ఇస్తున్నారు, పళ్లు తోముకుంటే ఎర్రగా వస్తోంది. అదీ ఊరికేనట.

నది నీ కిటికీ దాకా వచ్చిందని హారన్ చెప్పాడు. నువ్వు రాసినదాంట్లో కిటికీ మాట లేదే. నా దగ్గర దాచకు.

అక్క


ఆగస్టు 12, మంగళవారం
పంపుహౌసు

అక్కా,

నది కిటికీ దాకా రాలేదు. మెట్లు తడిశాయి, అంతే. హారన్ అన్న మాటల్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్లీ సగం తీసేసి విను.

నువ్వు నడిచావని చదివి ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో. చీలమండ ఎముక కనబడుతోందని రాశావే, దానికి ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కదా అని ఏడ్చాను కూడా. తర్వాత దిగి జాలీ లాగాను.

టార్చి సంగతి చదివినప్పటి నుంచి మాత్రం మనసు మనసులో లేదు. నేను జాలీ దగ్గర టార్చి వేసేది ఏదైనా అడ్డం పడిందేమో చూడ్డానికి. వాళ్లూ అందుకే వేస్తున్నారా? నీ గొట్టాల్లో అడ్డం పడేది ఏముంటుంది? ఊరికే అంటే ఊరుకోకు. నర్సమ్మని కాదు, డాక్టరమ్మనే అడుగు. అడిగి, ఆవిడ ఏం చెప్పిందో చెప్పింది చెప్పినట్టు రాయి. నువ్వు సగం విని సగం భయపడితే నేను ఇక్కడ మొత్తం భయపడాల్సొస్తోంది.

స్పీడు సంగతిలో మాత్రం నా మాట మారదు. వాళ్లు చదువుకున్నవాళ్లు, కాదనను. కానీ తోసేది ఏదీ లేనప్పుడు ఉన్నదాన్ని తగ్గిస్తే రక్తం ఎలా ముందుకెళుతుంది? ఇది ఎవరికైనా తట్టే మాటే. పట్టు వదలకు. పెద్ద ఇంజనీరుకి రిలీఫ్ మనిషిని పంపమని కబురు పెట్టాను. రాగానే బయల్దేరతాను.

రొద మారితే భయపడకు. వోల్టేజీ అటూ ఇటూ అయితే మోటరు గొంతు మారుతుంది. మాది రోజుకి పదిసార్లు మారుతుంది.

నీ తమ్ముడు


ఆగస్టు 14, గురువారం
వార్డు

తమ్ముడూ,

ఇవాళ దస్తూరీ నిజంగానే వంకరగా ఉంటుంది. ఈసారి జబ్బు వల్లే అనుకో.

నిన్న మధ్యాహ్నం పంపు రొద మారింది. నువ్వు చెప్పావు కదా వోల్టేజీ అని, ధైర్యంగా పడుకున్నాను. నర్సమ్మ టార్చి వేసి చూసి వెంటనే గంట నొక్కింది. ఒక్కసారిగా మంచం చుట్టూ అయిదారుగురు. పంపులో రక్తం గడ్డ కట్టిందట. అన్ని రోజులుగా టార్చి వేసి చూసింది దానికోసమే. అలమరలో ఉన్న పంపు తెచ్చి, గొట్టాలకి రెండు వైపులా బిగింపులు పెట్టి, పాతది తీసేసి కొత్తది తగిలించారు. “కొంచెం ఓర్చుకోండి” అంది డాక్టరమ్మ. పాతది ఆగి కొత్తది అందుకునే లోపల కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. చెవుల్లో గుయ్యిమంది. అయిపోయాననుకున్నాను. మీ బావ ముఖం కనబడలేదు, నువ్వూ కనబడలేదు. పైన సీలింగులో ఊడిపోతున్న సున్నం పెచ్చు ఒకటి కనబడింది. చివరికి చూసేది ఇదా అనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నీ ఉత్తరాలు చూపించమంది. ఇచ్చాను. వెటకారం చేస్తుందేమో, నాలుగు దులుపుదామని కాచుకుని ఉన్నాను. చేయలేదు. రెండుసార్లు చదివి, “ఈయన రాసిందాంట్లో ఒకటే తప్పు. మీ గుండె ఆగిపోయిందనుకుంటున్నాడు,” అంది.

ఆగలేదటరా. ఆ రోజు దెబ్బకి మొద్దుబారిపోయిందట. పంపు కింద అది ఇన్నాళ్లూ కొట్టుకుంటూనే ఉందట, నీరసంగా. స్కాను తెర నా వైపు తిప్పి చూపించింది. మొదటిరోజు తీసిన బొమ్మలో ఆ గది గోడ చలనం లేకుండా ఉంది. నిన్నటి బొమ్మలో లోపలికి ముడుచుకుంటోంది, చిన్నపిల్లలు పిడికిలి బిగించినట్టు. “ఇది కోలుకుంటోంది. పని ఇవ్వకపోతే ఎంత కోలుకుందో తెలీదు. పంపుని ఇలాగే ఉంచితే మళ్లీ గడ్డ కట్టవచ్చు, నెత్తురు కారవచ్చు, ఒంట్లో చీము పట్టవచ్చు. ఇంకో గడ్డ మనతో చెప్పి రాదు,” అంది.

అంతా విన్నాను, ఈసారి మొత్తం విన్నాను. అయినా సరే అనే మాట నోట్లోంచి రాలేదు. నిన్న చీకట్లు కమ్మినప్పుడు నా గుండె ఉండి నాకేం చేసింది? అదే అడిగాను. తగ్గించడం వేరు, ఒక్కసారి ఆగిపోవడం వేరు అంటుంది. నాకు తేడా తెలియడం లేదు.

నువ్వు సరే అను, నేను సరే అంటాను. నువ్వు వద్దంటే చచ్చినా ఒప్పుకోను. ఆవిడకి అలాగే చెప్పాను. రేపటి బస్సు వెనక్కి వచ్చేటప్పటికి నీ జవాబు నా చేతిలో ఉండాలి.

అక్క


ఆగస్టు 15, శుక్రవారం
పంపుహౌసు

అక్కా,

సరే అను. అన్నిటికంటే ముందు ఇది చదువు. సరే అను, సరే అను. మిగతాది తర్వాత చదవచ్చు.

నువ్వు డ్యూటీ దిగిపోయిందని రాస్తే నేను కాలిపోయిందనుకున్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు. బ్యాటరీ ఉందా అని అడిగాను, టీ ఎక్కడ తాగుతారని అడిగాను, నీ గుండె ఆగిందా నడుస్తోందా అని మాత్రం అడగలేదు. ఏదో పెద్ద పనిమంతుణ్నని రాసేశాను.

కాలిపోయిన మోటరుకి వైండింగు చేయించి తెచ్చి బిగించాక ఇక్కడ ఏం చేస్తామో చెబుతాను. దాన్ని చిన్నదాంతో పాటు నడుపుతాం. దాని వాల్వు మెల్లగా తెరుస్తాం, చిన్నదాని వాల్వు మెల్లగా మూస్తాం. చెయ్యి చక్రం మీద, కళ్లు మీటరు మీద. బాగుచేసింది మూలిగిందంటే వెంటనే చిన్నదాన్ని మళ్లీ తెరుస్తాం. ఆపేస్తున్నామని ఎవరూ అనరు, లోడు అప్పగిస్తున్నామంటాం. డాక్టరమ్మ అడిగింది ముమ్మాటికీ ఇదే. మొన్న నీకు జరిగింది వేరు, అది ఫ్యూజు లాగేయడం. ఇందులో ఆవిడ చెయ్యి చక్రం మీదే ఉంటుంది.

వోల్టేజీ అని రాసింది కూడా నేనే. ఆ మాట నమ్మి నువ్వు ధైర్యంగా పడుకున్నావని చదివి నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నర్సమ్మ చూడకపోయుంటే? ఇక జన్మలో నీకు ఏ సలహా ఇవ్వను.

సరే అను.

నీ తమ్ముడు

శనివారం. ఈ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న సాయంత్రం బస్సు వచ్చేలోగానే వంతెన మీదికి నీళ్లు ఎక్కాయి, ఇంకా పారుతున్నాయి. పొద్దున బస్సు అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఇటు గట్టు మీద నిలబడి ఉత్తరం ఊపాను. హారన్ అన్న అటునుంచి హారన్ కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. అక్క బాగుందని కొట్టాడా, బాగాలేదని కొట్టాడా? అరిచాను, నీళ్ల హోరులో నా అరుపు నాకే వినబడలేదు. బస్సు తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం. నీళ్లు తగ్గలేదు. ఇవాళ బస్సే రాలేదు. నేను వద్దన్న మాట నీ దగ్గర ఉంది, సరే అన్న మాట నా చేతిలో ఉంది. అటు పక్క నువ్వు నా మాట పట్టుకుని కూర్చుని ఉంటావు. ఈదుకుంటూ వద్దామని అంచు దాకా దిగాను. జాలీ గుర్తొచ్చి, మీ ఆసుపత్రి ట్యాంకు గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. అక్కా, ఎవరి మాటా వినొద్దు, నా మాట అస్సలు వినొద్దు.


ఆగస్టు 17, ఆదివారం
వార్డు

తమ్ముడూ,

నీ జవాబు రాలేదు. మొన్న రాలేదు, నిన్నా రాలేదు. నీ ఉత్తరాలు డాక్టరమ్మకి చూపించానని అలిగావనుకున్నాను. వంతెన మునిగిందని మీ బావ పొద్దున చెప్పాడు. చెబితే నేను బెంగపడతానని శుక్రవారం నుంచి కడుపులో దాచుకున్నాడట. ఒక్క విషయం చెప్పాలన్నా ఈయనకి నా అనుమతి కావాలి.

అప్పుడు బుర్ర పనిచేసింది. నీ ఉత్తరం రాదని తెలియగానే నాకు ముందు కలిగింది ఏమిటో తెలుసా? హాయి. అమ్మయ్య, ఇంకో రోజు గడిచిపోతుందనుకున్నాను. ఎంత సిగ్గేసిందో. నువ్వు వద్దన్నావని కాదురా నేను వద్దన్నది. నాకు భయం. నువ్వు మొదటిరోజే సరే అని రాసినా ఇంకేదో సాకు వెతికేదాన్ని. నీ మాట చాటున దాక్కుని వారం గడిపాను. తప్పంతా నీ మీద వేసుకుని కూర్చుంటావు నువ్వు, నాకు తెలుసు. వేసుకోకు.

డాక్టరమ్మని పిలిపించి సరే అన్నాను. మీ బావ తలూపబోతుంటే, “ఆగు, ఈసారి నోటితో చెప్పు, నీకిష్టమేనా?” అన్నాను. నా దుప్పటి అంచు సర్దుతూ, “నువ్వు లేకపోతే నాకెవరూ తెలీదే,” అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు. అయినా చాలనిపించింది.

స్కాను మిషను వస్తోంది, చక్రాల చప్పుడు వినబడుతోంది. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో, చేరేటప్పటికి నేను ఎలా ఉంటానో. పెన్ను ఇమ్మంటున్నారు.

అక్క


ఆగస్టు 20, బుధవారం
వార్డు, గోడ పక్క మంచం

చిన్నోడా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. అయిదు రోజులు నీ జేబులో నాని, ఆరి, అప్పడంలా వచ్చింది. హారన్ ఆ రోజు గట్టు దగ్గర ఊరికే కొట్టాడట, నిన్ను చూసి సంతోషమేసి. నాలుగు తిట్టాను.

పంపు తీసేశారు. నేను ఉన్నాను.

ఆదివారం తగ్గించారు. నిమిషానికి నాలుగు లీటర్లు తోసేదాన్ని మూడు చేశారు. ఒకరు స్కాను పట్టుకుని, ఒకరు బీపీ చూస్తూ, ఎవరూ నోరు విప్పరు. “ఎవరైనా మాట్లాడండి, బస్సు చెడిపోయినట్టు నిలబడ్డారేం” అన్నాను. మూడు నుంచి రెండు. కళ్ల ముందు చీకట్లు వస్తాయని మీ బావ చెయ్యి పట్టుకుని ఎదురుచూశాను. రాలేదు. రెండు నుంచి ఒకటిన్నర. డాక్టరమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు. “పట్టుకుంది,” అంది. గుండె పట్టుకుందట బరువు. అక్కడ కొంతసేపు ఉంచి మళ్లీ పెంచారు. సోమవారం ఇంకాసేపు ఉంచారు. ఆ రోజు ఒకసారి బీపీ జారితే ఆవిడ వెంటనే స్పీడు పెంచింది, మందు మార్చి మళ్లీ తగ్గించింది. చెయ్యి చక్రం మీదే ఉంటుందని నువ్వు రాసింది ఇవాళ చదివాను. నిజమే, అలాగే ఉంది. నిన్న పొద్దున గొట్టం లాగేసి మెడకి కట్టు కట్టారు.

అంతా అయిపోయిందనుకోకు. ఆ గది ఇంకా నీరసంగానే ఉందట. మందులు, కొలిచి ఇచ్చే నీళ్లు, ఉప్పు లేని తిండి. మళ్లీ చతికిలబడితే మళ్లీ పంపు పెట్టాల్సి వస్తుందని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. ఇన్నాళ్లూ ఆ రొదని తిట్టుకున్నాను. ఇప్పుడు అది లేకపోతే ఒకటే భయం. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఇప్పుడు కొట్టుకుందా, మళ్లీ కొట్టుకుందా అని చూసుకుంటూ పడుకుంటున్నాను. చెయ్యి తీయమని నర్సమ్మ కోప్పడుతోంది.

జన్మలో సలహా ఇవ్వనన్నావు. మంచిది. నాకు నీ సలహా ఎప్పుడు కావాలిరా? ఆ మొదటి ఉత్తరం మళ్లీ చదువు. మోటరు ఎన్నాళ్లు తిరుగుతుంది, స్పీడు ఎందుకు తగ్గిస్తారు అని రాశాను కదా. భయమేస్తోంది, రా అని రాయడం చేతకాక అవన్నీ రాశాను. చిన్నప్పటి నుంచి నిన్ను నేను ఓదార్చడమే గానీ, నన్ను ఓదార్చమని నిన్ను అడగడం ఎలాగో నాకు తెలీదు. నువ్వూ అంతే, భయమేస్తోందక్కా అని రాయలేక వాల్వులూ బ్యాటరీలూ రాశావు. మధ్యలో పాపం డాక్టరమ్మ నలిగిపోయింది.

రిలీఫ్ మనిషి వచ్చాడని హారన్ చెప్పాడు. రేపు పొద్దుటి బస్సు ఎక్కు. డాక్టరమ్మని ఏమీ అడగొద్దు, మిషన్లు చూడొద్దు, నాకు ధైర్యం చెప్పొద్దు. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చో.

భయమేస్తోందిరా. రా.

అక్క